ఆగిన బండిలో తిరిగే ఫ్యాను

“కడితే పోయేదేముంది?” అని మీరు ఇప్పటికి ఎన్నిసార్లు అని ఉంటారు? బండికి నిమ్మకాయలు గుచ్చేటప్పుడు, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ వేలాడదీసేటప్పుడు, పక్కనున్నవాళ్లు “ఎందుకివన్నీ” అంటే మీ నోట వచ్చిన మాట ఇదే కాదూ? పూర్తిగా నమ్మినవాళ్లు ఈ మాట అనరు. వాళ్ల దగ్గర కారణాలుంటాయి. అసలు నమ్మనివాళ్లూ అనరు. నమ్మకానికీ అపనమ్మకానికీ నడుమ, ఎవరితోనూ తగాదా లేని చోట నిలబడినవాళ్లు అంటారు. మన ఊళ్లలో ఎక్కువమంది నిలబడేది అక్కడే. మా అక్క కూడా అక్కడే నిలబడి ఆ మాట అంది. ఏం పోయిందో చెబుతాను.

మాది మగ్గం ఇల్లు. నాన్న పగలు నేసేవాడు, సాయంత్రాలు సైకిలు తొక్కుకుంటూ బెజవాడలో హేతువాదుల చర్చాసభలకు వెళ్లేవాడు. వెనక సీటు మీద నేనుండేదాన్ని. ఎవరేం చెప్పినా “అది మీకెలా తెలిసింది?” అని అడగడం ఆ సభల్లోనే నేర్చుకున్నాను. ఆ అలవాటే నన్ను భౌతికశాస్త్రం చదివించి, కాలేజీలో పాఠాలు చెప్పే పనిలో పెట్టింది. అక్క సభలకు వచ్చేది కాదు. ఆమెకు మగ్గమే ఇష్టం. మంగళగిరిలో నేతగాళ్లింటికే కోడలై వెళ్లింది.

అక్క చేతులు మీరు చూసి ఉంటే బాగుండేది. పడుగులో ఎక్కడ పోగు తెగినా వెతకకుండా వేలికొసతో తడిమి పట్టేసేది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక్క నలుపు నలిపితే తెగిన పోగు అతుక్కునేది. పేక నూలు మోసే నాడె ఇటునుంచి అటు వెళ్లి మళ్లీ వచ్చేలోగా ఆ సందులో చెయ్యి పెట్టి, పని కానిచ్చి, చెయ్యి వెనక్కి తీసేది. మగ్గం ఆపేది కాదు, నాతో చెబుతున్న మాటా ఆపేది కాదు. నూలు ఎంత సన్నదైనా ఆమె నేసిన చీరలో అతుకు ఎక్కడుందో దుకాణాలవాళ్లకు దొరికేది కాదు. ఆ ఇల్లు నిలబడింది ఆ వేళ్ల మీద. బావ అమ్మేవాడు, ఆమె నేసేది.

తొంభైల చివర బావ ఒక పాత కారు కొన్నాడు. ఆ రోజుల్లో మధ్యతరగతి వాళ్లంతా కొంటున్న చిన్న కారు, పాలరంగుది. చీరల మూటలు వెనక సీటు మీద వేసుకుని, నది మీది బ్యారేజీ దాటి, వన్‌టౌన్ బట్టల కొట్లకు తిరగడానికి. వచ్చిన మొదటి మధ్యాహ్నమే ఆ సంగతి బయటపడింది. బావ వీధిలో కారు ఆపాడు. తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. తలుపులు మూశాడు. చూడ్డానికి వచ్చిన ఇరుగుపొరుగు చుట్టూ నిలబడ్డారు. కారు చప్పుడు లేకుండా ఉంది. కాసేపటికి బానెట్ కింద ఏదో గట్టిగా ఊపిరి పీల్చినట్టయి, ఆ చప్పుడు పెరిగి, ఆగకుండా సాగింది.

అక్క అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెను నేనూ అత్తయ్యా అనే పిలిచేదాన్ని.

“తాళం నీ జేబులో ఉంది కదరా. మరి లోపలెవరు?” అంది.

“ఎవరూ లేరమ్మా. ఫ్యానది.”

“ఫ్యానైతే ఎవరో ఒకరు వెయ్యాలి కదరా. మనింట్లో ఫ్యాను దానంతటది తిరుగుద్దా?”

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఫ్యాను ఆగేదాకా నిలవలేదు.

ఆ వీధివాళ్లకు తెలిసిన కార్లు పాత గుండ్రటి టాక్సీలు. వాటిలో ఫ్యానును ఇంజినే బెల్టుతో తిప్పుతుంది. ఇంజిన్ ఆగితే ఫ్యానూ ఆగుతుంది. మగ్గమూ అంతే, కాలు తీస్తే ఆగుతుంది. మనిషి ఆపినా ఆగని యంత్రాన్ని వాళ్లు అంతకుముందు చూడలేదు. ఆ కారు చల్లపల్లి నుంచి వచ్చింది. దాని పాత యజమాని పోయాకే అమ్మకానికి పెట్టారు. అతను ఆస్పత్రి మంచం మీద పోయాడని బావకు తెలుసు. కానీ వారం తిరక్కుండా వీధి అతన్ని స్టీరింగు మీద చంపేసింది. ఫ్యాను తిరిగినప్పుడల్లా పిల్లల్ని లోపలికి పిలుచుకునేవాళ్లు.

నేను, బావ కలిసి కారును ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాం. అతను బానెట్ ఎత్తి, చూసి, దించాడు.

“అది అంతేనండీ. బండి ఆపినా కాసేపు తిరుగుద్ది.”

“ఎందుకని?” అన్నాను.

“కంపెనీవాళ్లు అట్టా పెట్టారండీ. మీకు భయమైతే చెప్పండి, వైరు పీకేస్తా. ఆ చప్పుడు రమ్మన్నా రాదు.”

“పీకితే ఇంజిన్ మాడిపోదూ?”

“అది కూడా నిజమేలెండి మేడమ్” అని చేతులు తుడుచుకున్నాడు. అతని షెడ్డు గుమ్మానికి ఏడు మిరపకాయలూ నిమ్మకాయా వేలాడుతున్నాయి.

“అదంతే.” మన దగ్గర ఇంతకంటే ప్రమాదకరమైన జవాబు లేదు. అది అబద్ధం కాదు, అందుకే దాన్ని ఎవరూ నిలదీయరు. కానీ అది కారణం ఉండాల్సిన చోటును ఖాళీగా వదిలేస్తుంది. ఖాళీగా ఉన్న కుర్చీలో ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. మా అక్క ఇంట్లో కంకిపాడు ఆయన వచ్చి కూర్చున్నాడు. పేరు అక్కర్లేదు. గాలీ ధూళీ కట్టడంలో పేరున్న మనిషి.

ఆయన రాకముందే ఆ కుర్చీలో కారణాన్ని కూర్చోబెట్టాలని ఒక ఆదివారం ప్రయత్నం చేశాను. అత్తయ్య అట్లు పోస్తోంది. పొయ్యి ఆపేయించి, ఆ పెనం మీదే ఇంకో గరిటె పిండి పోయమన్నాను. పోసింది. అట్టు కాలింది.

“చూశారా అత్తయ్యా. మంట ఆపినా పెనంలో వేడి ఉంది. కారులో ఇంజిన్ కూడా ఇనుమే. ఆపినా వేడి దానిలోనే ఉంటుంది. నడిచేటప్పుడు నీళ్లు దాని చుట్టూ తిరిగి ఆ వేడిని ముందున్న రేడియేటర్‌కి మోస్తాయి, అక్కడ గాలికి చల్లబడతాయి. ఇంజిన్ ఆగితే నీళ్లను తిప్పే పంపు ఆగిపోతుంది. నీళ్లు ఉన్నచోటే నిలబడి, ఆ ఇనుప వేడికి ఇంకా కాగుతాయి. ఆపిన కాసేపటికి వేడి తగ్గకపోగా పెరుగుతుంది. అందుకే ఫ్యాను.”

“పెనం వేడి పెనానిది. ఫ్యాను వేసేదెవరని కదా నేనడిగేది.”

“వేడి పెరిగితే కలిసే చిన్న మీట ఒకటుంది. దానికి తాళంతో పని లేదు. నేరుగా బ్యాటరీకి కలిపారు.”

“అంటే లోపల ఒకటి కనిపెట్టుకుని ఉంటదన్నమాట.”

“ఉంటుంది. మీట.”

“నేనూ అదేనమ్మా అంటున్నది” అని అత్తయ్య అట్టు తిరగేసింది. అక్క పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వాల్సిన సమయం కాదని అప్పుడు తెలియలేదు.

కంకిపాడు ఆయన కారు ముందు ఒక దిష్టిబొమ్మ కట్టించాడు. నల్ల టార్పాలిన్ గుడ్డ మీద కోరలూ కళ్లూ గీసి, చుట్టూ మేకబొచ్చు కుట్టిన ముఖం. కారు మూతి మొత్తం కప్పేంత పెద్దది. ఆ రోజు నుంచి ఫ్యాను మరీ ఎక్కువసేపు తిరగసాగింది. తిరగదా మరి. రేడియేటర్‌కు గాలి వచ్చే దారే అది. ఆ దారికి గుడ్డ కట్టారు. దారంతా వేడి లోపలే ఉడికి, ఇంటికొచ్చేసరికి నీళ్లు కుతకుతలాడుతున్నాయి. దయ్యాన్ని పోగొట్టడానికి కట్టిన బొమ్మే దయ్యాన్ని పెంచుతోంది. ఇదంతా బావకు వివరంగా చెప్పాను.

“నువ్వు చెప్పింది నాకర్థమైందమ్మా లెక్చరరు గారూ. అమ్మకి అర్థమయ్యేదాకా ఉండనీ” అన్నాడు.

కంకిపాడు ఆయన చెప్పింది మాత్రం అందరికీ వెంటనే అర్థమైంది. “అది ఒప్పుకోటల్లేదండీ. కోపమొచ్చింది దానికి.”

బావను బతిమాలి ఒక్క రోజు ఆ గుడ్డ విప్పించాను. వన్‌టౌన్ వెళ్లి వచ్చాడు, నీడలో ఆపాడు, ఆపేముందు ఇంజిన్‌ను కాసేపు ఊరికే తిరగనిచ్చాడు. ఫ్యాను కొద్దిసేపు తిరిగి ఆగిపోయింది. వీధంతా చూసింది. “మొన్నటి మీద తొందరగానే ఆగిందే” అని అత్తయ్య కూడా ఒప్పుకుంది. నేను గెలిచాననుకుని బస్సెక్కాను. మర్నాడు బ్యారేజీ మీద రద్దీలో ఒక లారీ రాసుకుపోయి కారు హెడ్‌లైటు పగిలింది. బావకు గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు కారుకు బొమ్మ లేదు. అంతే. నేను చూపించిన రుజువు ఆ గాజు పెంకులతో పాటే ఊడ్చుకుపోయింది. సాయంత్రానికి బొమ్మ మళ్లీ ఎక్కింది.

ఈసారి కంకిపాడు ఆయన మాట ఇంకో అడుగు లోపలికి వెళ్లింది. బయట కడితే చాలదట. అది ఊపిరి తీసే చోటనే కట్టాలట. అమావాస్య నాడు, మిట్టమధ్యాహ్నం, బండి దూరం వెళ్లి వచ్చి వేడి మీద ఉండగా, బానెట్ ఎత్తి, ఇంటి ముత్తయిదువ తన కుడిచేతి మణికట్టుకు నల్లదారం ఒక కొస కట్టుకుని రెండో కొసను ఫ్యాను చట్రానికి ముడివెయ్యాలట. ముడి పడేదాకా మణికట్టు కట్టు విప్పకూడదట.

ఆ మాట విన్నాక దీన్ని ఎలాగైనా ఆపాలనుకున్నాను. దయ్యానికి భయపడి కాదు. వేడి మీద ఉండగా అన్న మాటకు భయపడి. ఆ మనిషికి యంత్రం గురించి ఏమీ తెలియదు. అయినా తెలిసి చేసినవాడిలాగా అత్యంత ప్రమాదమైన గడియను ఏరి పట్టుకున్నాడు. ఎందుకంటే భయపెట్టే గడియా, ప్రమాదమైన గడియా ఒక్కటే.

అమావాస్యకు ముందు అక్క దగ్గరికి వెళ్లాను. మగ్గం మీదే ఉంది. ఒళ్లో నల్లదారం ఉంది. బజారు దారం మీద ఆమెకు గురి లేదు. పడుగు నూలు పోగులు కొన్ని కలిపి, తనే పురిపెట్టి, నల్లరంగు ముంచి ఆరబెట్టింది.

“లాగి చూడు. తెగుద్దేమో” అని నా చేతికిచ్చింది. తెగలేదు. నా వేళ్ల మీద గీతలు పడ్డాయి.

“అక్కా, ఇది కట్టొద్దు. కట్టక తప్పదంటే తెల్లవారుజామున, బండి చల్లగా ఉన్నప్పుడు కట్టు.”

“అప్పుడు కడితే కట్టినట్టు కాదంటే.”

“ఆగి ఉన్న ఫ్యాను ఎప్పుడు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. తాళం తీసేసినా తిరుగుతుంది. నీ కళ్లతో చూశావు కదా.”

“నాడె కంటే జోరుగా వచ్చుద్దా ఏంటే?” నవ్వింది. “చిన్నప్పట్నించీ నాడె సందులో చెయ్యి పెట్టి తీస్తన్నదాన్ని. ముడెయ్యటం నాకు చెప్తావా?”

“మగ్గం నువ్వు తొక్కితే ఆడుతుంది. కాలు తీస్తే ఆగుతుంది. నాడె ఎప్పుడొస్తుందో నీకు తెలుసు, ఎందుకంటే దాన్ని పంపేది నువ్వే. ఇది నీ కాలి కింద లేదు అక్కా.”

అక్క తెగిన పోగు ఒకటి తడిమి అతికింది. తర్వాత మెల్లగా అంది.

“నువ్వు చెప్పేది నిజమేనేమోనే. కానీ ఆయన రోజూ ఆ బండేసుకుని బ్యారేజీ దాటతాడు. నీ మాట తప్పయితే పోయేది ఆయన. ఎప్పుడు కడతావన్నట్టు అత్తయ్య రోజూ నా మొహం చూస్తంది. దారం కడితే పోయేదేముంది?”

బావతో మాట్లాడాను. “నేను దగ్గరుండి చూసుకుంటాగా” అన్నాడు. అత్తయ్యతో మాట్లాడాను. “మీ అక్కకి పిల్లా పాపా వద్దా, తాళిబొట్టు వద్దా” అంది. కంకిపాడు ఆయన ఎక్కడ దొరుకుతాడని అడిగాను. అమావాస్యకు ఆయన వేరే ఊళ్లో వేరే ఇంట్లో ఉంటాడట. ప్రమాదం జరిగే చోట ఇలాంటివాళ్లు ఎన్నడూ ఉండరు. మీరే గమనించండి.

అమావాస్య నాడు ఆపడానికే బయలుదేరాను. మే నెల. బస్సు బ్యారేజీ మీద ఇరుక్కుపోయింది. కిటికీ కమ్మీ మీద చెయ్యి వెయ్యలేనంత ఎండ. ఇంత ఎండలో, మూతికి గుడ్డ కట్టుకుని, అదే బ్యారేజీ మీద నాకు ముందో వెనకో బావ కారు కూడా ఇలాగే ఆగి కాగుతూ ఉంటుందన్న ఊహ వచ్చాక ఇక కూర్చోలేకపోయాను. మంగళగిరిలో దిగి నడిచాను, తర్వాత పరిగెత్తాను.

వీధి మలుపు తిరిగేసరికి కారు వచ్చి ఆగి ఉంది. బానెట్ ఎత్తి ఉంది. అగరొత్తుల పొగ నిటారుగా లేస్తోంది, గాలి లేదు. మగ్గాల చప్పుడు లేదు. చూడ్డానికి అందరూ పని ఆపుకుని వచ్చారు. బావ పక్కనే నిలబడ్డాడు, తాళం జేబులో. అక్క లోపలికి వంగి ఉంది, కుడిచెయ్యి మోచేతిదాకా కనబడటం లేదు. ఫ్యాను ఆగే ఉంది. అంత ప్రశాంతంగా ఆ వీధిని నేనెప్పుడూ చూడలేదు.

“అక్కా, చెయ్యి తియ్యి” అన్నాను. పరిగెత్తిన ఆయాసంలో మాట సగమే వచ్చింది.

ఆమె తల తిప్పి నన్ను చూసి, అయిపోయిందన్నట్టు తలూపింది. అప్పుడు ఆ చప్పుడు మొదలైంది.

చెయ్యి తీసే వేగం ఆమెకుంది. ఆ మాటలో ఆమె అబద్ధమాడలేదు. చెయ్యి వెనక్కి వచ్చేది కూడా. కానీ మణికట్టుకు దారం ఉంది. తెగని దారం. రెక్కలు దాన్ని అందుకుని చుట్టుకున్నాయి, చేతిని లోపలికి లాక్కున్నాయి. అక్క అరవలేదు. అరిచింది అత్తయ్య. బావ తాళం తీసి కారులోకి దూకి తిప్పాడు. ఆపడానికి అతనికి తెలిసిన దారి అదొక్కటే. దానికి తాళంతో పని లేదని నేను ఎన్నిసార్లు చెప్పానో. దారం బిగిసి, ఫ్యాను తిరగలేక మూలిగి నిలబడింది. అప్పుడు మగ్గం దగ్గరి కత్తి తెచ్చి బావే దారం కోశాడు.

చెయ్యి బయటికొచ్చింది. అక్కను పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టాం. ఆటో కోసం ఎవరో పరిగెత్తారు. ఆ గందరగోళంలో వెనక మళ్లీ అదే చప్పుడు వినిపించింది. దారం తెగి అడ్డు తొలగాక ఫ్యాను మళ్లీ తిరుగుతోంది. ఎవరి మీదా కోపం లేకుండా, ఎవరున్నారో తెలియకుండా, నీళ్లు చల్లబడేదాకా తిరిగి, దానంతటది ఆగిపోయింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. దయ్యమైతే కనీసం మొక్కితే వింటుందన్న ఆశ ఉండేది.

ఆస్పత్రిలో చూపుడువేలు సగం తీసేశారు. నడిమివేలు మిగిలింది గానీ వంగదు. బొటనవేలికి ఆనుకుని పోగు నలిపే వేలే పోయింది. నయమయ్యాక అక్క మగ్గం ఎక్కి కూర్చుంది. ఒక పోగు తెగింది. ఎడమచేత్తో వెతికింది, దొరికింది, అతకలేకపోయింది. దిగి వచ్చేసింది. ఆ తర్వాత ముసలివాళ్లు చేసే పని, నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడం, ఆమె చేతికి వచ్చింది. ఆ మగ్గం మీద కూలికి వేరే మనిషి కూర్చున్నాడు.

కంకిపాడు ఆయన పరామర్శకు వచ్చాడు. “ప్రాణం కోసం వచ్చిందమ్మా. వేలుతో సరిపెట్టుకుని పోయింది. నీ పసుపుకుంకాలు గట్టివి” అన్నాడు. వీధి తలూపింది. అత్తయ్య కళ్లు తుడుచుకుని ఆయనకు మంచినీళ్లిచ్చింది. దారం కట్టకపోతే వేళ్లు ఉండేవని ఎవరూ అనలేదు. నేను అన్నాను. “అదెలా తెలుసు?” అని నన్నే అడిగారు. నాన్న నేర్పిన ప్రశ్న తిరిగి నా మీదికే వచ్చింది. దానికి జవాబు నా దగ్గరుంది, ఎన్నోసార్లు చెప్పాను, మీకూ చెప్పాను. వినే తీరిక ఆ రోజు అక్కడ ఎవరికీ లేదు.

రెండువేల సంవత్సరం తర్వాత ఆ వీధిలో కార్లు పెరిగాయి. చాలావాటి మూతికి కోరల ముఖాలూ పెరిగాయి. మిట్టమధ్యాహ్నం ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఆగుతాయి, తాళాలు జేబుల్లోకి వెళ్తాయి, కాసేపు నిశ్శబ్దంగా ఉండి ఒక్కొక్కటే ఊపిరి పీల్చడం మొదలుపెడతాయి. కండె చుడుతున్న అక్క చెయ్యి అప్పుడు ఆగుతుంది. ఒకసారి ఎదురింటి కొత్త కోడలు బానెట్ కింద పసుపు రాయబోతుంటే అక్క రాట్నం వదిలి వెళ్లి నిలబడింది.

“ఏంటి పిన్నీ, కాస్త పసుపేగా. పోయేదేముంది?” అంది ఆ అమ్మాయి.

అక్క కుడిచెయ్యి చూపించింది. ఆ అమ్మాయి పసుపు గిన్నె తీసుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

నా పాఠాలు చెయ్యలేని పని ఆ చెయ్యి చేసింది. కానీ మీ వీధిలో మా అక్క ఉండదు. అందుకని అడుగుతున్నాను. ఈ పుస్తకం పక్కన పెట్టి లేవండి. మీ కారు ముందు బొమ్మ గానీ గుడ్డ గానీ కట్టి ఉంటే ఇవాళే విప్పేయండి. వేడిగా ఉన్న బండిలో, ఇంజిన్ ఆగినా, తాళం మీ చేతిలోనే ఉన్నా, ఫ్యాను కదలకుండా కనబడినా, చెయ్యి పెట్టకండి, ఎవర్నీ పెట్టనివ్వకండి. వచ్చే అమావాస్యకు మీ ఇంట్లో ఎవరి చేత ఆ పూజ చేయిస్తున్నారో వాళ్ల దగ్గరికి ఇప్పుడే వెళ్లి, ఈ సంగతి మొత్తం చెప్పండి. “అదంతే” అని మాత్రం చెప్పకండి. ఎందుకో చెప్పండి.